మిరపకాయలు లేని మూట

గోపాల్ చేతిలో ఫోను ఉందంటే సూరత్ పర్వత్ పాటియాలోని ఆ ఎంబ్రాయిడరీ కార్ఖానాలో పని సగం ఆగినట్టే. ఆ రోజు చాయ్ వేళకు వాడొక వీడియో పట్టుకొచ్చాడు. ఏదో విదేశంలో ఒక మొగుడూ పెళ్లాలకు కుక్క ఉండేదట. అది చచ్చిపోతే దాని ఒంట్లోంచి చిటికెడు కణాలు తీసి, డాక్టర్లు అచ్చం అలాంటిదే ఇంకో కుక్కను పుట్టించారట. అదే మచ్చ, అదే తోక, అదే మూతి. ఆ ఇల్లాలు కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని పాత పేరుతోనే పిలుస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"సేమ్ టు సేమ్," అన్నాడు గోపాల్. "గదే కుక్క. మళ్ల వచ్చింది."

"ఎట్లయితది? చచ్చింది చచ్చింది. ఇది దాని కాపీ," అన్నాడు మిషన్ దగ్గర నిలబడ్డ అంబదాస్.

"పొద్దుందాక కాపీలు కొట్టి బతికెటోనివి, నీకు కాపీ అంటె గంత చిన్నచూపేందిరా?"

అందరూ నవ్వారు. అందులో అబద్ధం లేదు మరి. ఎవరి దుకాణంలోనో బాగా అమ్ముడుపోతున్న చీరను సేఠ్ ఫోనులో ఫొటో తీసుకొస్తాడు. వినోద్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పువ్వును రేకు రేకూ దించుతాడు. సాయంత్రానికల్లా మిషన్లు అదే పువ్వును వంద చీరల మీద కుట్టి పారేస్తాయి. అందుకే తగువు తీర్చమని అందరూ వినోద్ వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు భాయ్. గది అదే కుక్కనా, వేరే కుక్కనా?"

వినోద్ తెర మీదినుంచి కళ్లు తిప్పలేదు. "నన్నెందుకడుగుతరు? కుక్కనడుగుండ్రి," అన్నాడు.

దానికి ఇంకా గట్టిగా నవ్వారు. వినోద్ నవ్వలేదు. అతని చాయ్ మీద మీగడ కట్టింది. ఆ కుక్క గురించి అతనికి తెలిసినంత ఆ గదిలో ఎవరికీ తెలియదు.

ఎందుకంటే వినోద్ కూడా రెండోవాడే. అతను పుట్టడానికి ఏడాది ముందు ఆ ఇంట్లో ఇంకో వినోద్ ఉండేవాడు. ఆరేళ్లవాడు. వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ తర్వాత పుట్టిన ఇతను మూడు రోజులు పాలు తాగకుండా గుక్కపెట్టి ఏడ్చాడట. పుట్టిన బిడ్డ అలా ఏడిస్తే, ఎవరో పోయినవాళ్లు తిరిగొచ్చి తమను గుర్తుపట్టమని అడుగుతున్నారని కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన ఆ కుటుంబం నమ్మకం. బిడ్డను చాటలో పడుకోబెట్టి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకు ఏడుపు ఆగితే వాళ్లు వచ్చినట్టే, ఆ పేరే పెట్టాలి. నాయినమ్మ చాట ముందు కూర్చుని తాతల పేర్లు, ముత్తాతల పేర్లు పిలిచింది. బిడ్డ ఆగలేదు. చివరికి "వినోదూ" అంది. బిడ్డ టక్కున ఆగాడు. మూడు రోజులు ఏడ్చిన పసివాడికి అలుపొచ్చి ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. మన జనానికి దుఃఖం తీరే దారి ఒకటి కనిపిస్తే చాలు, అది ఎవరి నెత్తి మీదుగా పోతోందో చూసుకోరు.

అప్పటినుంచి ఇతనే అతను. స్టూడియోలో ప్లాస్టిక్ గుర్రం మీద కూర్చున్న పిల్లవాడి ఫొటో చూపించి "గిది నువ్వే" అనేది నాయినమ్మ. ఎన్నిసార్లు అందంటే, ఆ గుర్రం చెవి తన చేతికి చల్లగా తగలడం వినోద్‌కు నిజంగానే గుర్తుండేది. చామగడ్డ పులుసు చేస్తే "నీకు పానం గదరా" అని రెండు గరిటెలు ఎక్కువ వేసేది. ఆ జిగురు అతనికి గొంతు దిగేది కాదు. అయినా తినేవాడు. ఎనిమిదేళ్లప్పుడు ఒక పెళ్లిలో ఎవరో బంధువు నోరు జారితే అసలు సంగతి తెలిసింది. ఆ రోజునుంచి అతనికి ఒకటే అనుమానం. వీళ్లు ముద్దు చేసేది నన్నా, వాడినా? ఆ మాట ఎవరినీ అడగలేదు. అడిగితే అమ్మ ఏం చెబుతుందోనని భయం. వాడి బదులు నిన్ను పెంచుకున్నానంటే ఆ తర్వాత ఆ ఇంట్లో ఎలా తిరగాలో అతనికి తెలియదు.

పెద్దవాడయ్యాడు, పనిలో కుదిరాడు, తిరుమలను పెళ్లి చేసుకున్నాడు. ఆ అనుమానం అలవాటైపోయింది. నొప్పి తెలియని ఆనెకాయలా ఉండేది. మళ్లీ నొప్పి పెట్టడం మొదలైంది పదిహేను రోజుల కిందట, తిరుమల మగపిల్లవాడిని కన్నప్పుడు.

వినోద్ తండ్రి ఆగయ్య నిరుడు శ్రావణంలో పోయాడు. ముప్పై ఏళ్లకు పైగా సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ చప్పుడులో ఉండి ఉండి చెవులు మందగించి, ఇంట్లో మాట్లాడడమే తగ్గించేశాడు. ఏడాది కర్మ అయిన కొద్ది రోజులకే మనవడు పుట్టాడు. ఆస్పత్రిలో బిడ్డను చూడగానే మేనత్త ప్రమీల చెంపలు వాయించుకుంది.

"నా అన్ననే! ఆ చెవులు జూడుండ్రి. మా ఆగన్నే మళ్ల వచ్చిండు!"

పసివాడి చెవులు పెద్దవే. అంతమాత్రాన ఏమైందని వినోద్ అందామనుకునేలోపే ప్రమీలత్త మొత్తం కార్యక్రమం ఖరారు చేసేసింది. ఇరవై ఒకటో రోజు ఆదివారం నాడు చాటలో వేసి పేర్లు పిలవాలి. ఏ పేరు మొదట పిలవాలో, ఏ పేరు దగ్గర బిడ్డను కాస్త ఊపాలో కూడా ఆమె మనసులో ఉన్నట్టే ఉంది.

అమ్మ గంగవ్వ ఏమీ అనలేదు. అదే వినోద్‌ను ఎక్కువ భయపెట్టింది. పైగా ఆమె మనవడిని ఎత్తుకుని "పెద్దమనిషీ, లేసినవా? పెద్దమనిషీ, ఆకలైతుందా?" అని పిలవడం మొదలుపెట్టింది. మొగుడి పేరు నోట పలకని మనిషి. ఇంకేమనుకోవాలి?

"నువ్వన్నా చెప్పు," అంది తిరుమల ఒక రోజు బిడ్డకు నూనె రాస్తూ. "మామయ్య మంచోడే. కాదంటలేను. గని నేను గన్నది నా కొడుకును. రేపు వీనికి ఏది ఇష్టమో, ఏది కాదో ఎవ్వలడుగుతరు? నీకు జేసినట్టే జేస్తరు."

"చెప్త," అన్నాడు వినోద్.

"ఎప్పుడు?"

"చెప్త అంటున్న గదా!"

విసుక్కున్నాడు గానీ ఆ విసుగు తన మీదే. అమ్మ ఏడాదిగా నవ్వింది లేదు. ఇప్పుడు ఆ పెద్ద చెవుల బిడ్డను ఎత్తుకుని నవ్వుతోంది. వాడు మా బాపు కాదు అని ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోతే తన కొడుకు కూడా ఎవరి ఫొటోనో చూసి అది నేనే అనుకుంటూ పెరుగుతాడు. ఆ రెండింటి మధ్య వినోద్‌కు అన్నం సహించలేదు, కంప్యూటర్ ముందు పువ్వులూ నిలబడలేదు.

ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేరు మీద గుడిలో పంతులుకు బియ్యం, కూరగాయలు ఇచ్చుకునే అమావాస్య అది. తండ్రి బతికున్న కొడుకు ఆ పని చేయడు. అందుకే ఇన్నేళ్లూ ఆగయ్యే వెళ్లేవాడు. నిరుడు ఆయన ఏడాది కర్మ కాలేదని ఎవరూ వెళ్లలేదు. వినోద్‌కు ఇదే మొదటిసారి. గంగవ్వ పొద్దున్నే లేచి మూటలు కట్టి సంచిలో సర్ది ఉంచింది.

"పంతులుకు మీ బాపు పేరు జెప్పు, ఆయనే చూసుకుంటడు. అన్ని మూటలు ఇచ్చి రా," అంది.

గుడి పక్కనున్న సంఘం హాలులో అప్పటికే వరస కట్టారు. అందరూ మన తెలుగువాళ్లే. సాంచెల మీద పనిచేసేవాళ్లు, మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, ఊరి చివర సచిన్ పేట నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు. పంతులు లింగమూర్తి చాప మీద కూర్చుని, ముందు ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టుకున్నాడు. గోత్రాలు గుర్తులేనివాళ్లకు, తాతల పేర్లు మరిచిపోయినవాళ్లకు ఆ బుక్కే ఆధారం.

"ఆగయ్య కొడుకువా?" అన్నాడు పేజీలు తిప్పుతూ. "ఇరవై ఏడేండ్ల కింద మొదలువెట్టిండు, బతికున్నన్ని దినాలు ఒక్క ఏడు తప్పలే మీ బాపు. మూటలు తియ్యి."

వినోద్ సంచిలోంచి మూటలు తీశాడు. తాత పేరు చదివి పంతులు ఒక మూట పక్కన పెట్టించాడు. నాయినమ్మ పేరు చదివి ఇంకొకటి. తర్వాత పెన్ను తీసి కొత్తగా ఆగయ్య అని రాసుకుని, ఆ పేరు పైకి చదివాడు. వినోద్ కళ్లు చెమర్చాయి. మూడో మూట పెట్టి లేవబోయాడు.

"ఆగు. ఇంకోటి ఉండాలె గదా," అన్నాడు పంతులు.

నిజమే, సంచి అడుగున ఇంకో మూట ఉంది. మిగతావాటికంటే చిన్నది. వినోద్ దాన్ని బయటికి తీశాడు.

"జ్యేష్ఠ పుత్రుడు వినోద్," అని చదివాడు పంతులు.

వినోద్ చెయ్యి మూట మీదే ఆగిపోయింది. "పంతులూ, వినోద్ నేను."

"నువ్వెందుకైతవయ్యా? బతికున్నోళ్ల పేర్లు నేను ఈ బుక్కుల రాయను. ఇది చిన్నప్పుడు పోయిన పిలగాని పేరు. మీ అన్న."

వెనక వరసలోవాళ్లు తొందరపెడుతున్నారు. లింగమూర్తి మాత్రం తీరిగ్గా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గంత చిన్నపిల్లలకు బియ్యం ఇచ్చుడు లేదు నాయినా అని మొదటేడే చెప్పిన. మీ బాపు వింటెనా? 'ఇంట్ల అందరు వాడు మళ్ల వచ్చిండంటున్నరు పంతులూ. వచ్చినోడు వేరే, పోయినోడు వేరే. గిట్ల అందరు వాడు వచ్చిండని ఊకుంటె, పోయినోనికి ఎవ్వలు వెడ్తరు?' అన్నడు. నాకు జవాబు రాలే. రాసుకున్న." పంతులు చిన్న మూట ముడి విప్పి చూపించాడు. బియ్యం, పప్పు, రెండు వంకాయలు, బెల్లం ముక్క. "ఇగో, జూడు. అన్ని మూటలల్ల మిరపకాయలుంటయి. దీంట్ల ఉండయి. ఏటా గంతే. మీ అమ్మ కడ్తదట."

వినోద్ ఆ మూటను రెండు చేతులతో ఎత్తి పంతులుకు ఇచ్చాడు. ఏం మంత్రం చదివారో, తను ఏం పలికాడో అతనికి తెలియదు. బయటికి వచ్చాడు. గుడి మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా లెక్కచేయకుండా కాసేపు ఏడ్చాడు. అది దుఃఖం కాదు. చాలాకాలంగా గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. ఊపిరి అడుగుదాకా పోయి వస్తోంది. ఇరవై ఏడేళ్లూ తను తనే. ఆ సంగతి అమ్మకూ బాపుకూ తెలుసు. తెలియనిది తనొక్కడికే.

ఇంటికి వచ్చేసరికి ప్రమీలత్త లేదు. సాయంత్రం బతుకమ్మకు బంతిపూల కోసం మార్కెట్‌కు వెళ్లింది. లోపలి గదిలో తిరుమల బిడ్డను పడుకోబెట్టింది. గంగవ్వ వంటగది గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. వినోద్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, చిన్న మూటల మిరపకాయలు ఎందుకు పెట్టలే?"

గంగవ్వ తలెత్తలేదు. చేతిలో కాయ మాత్రం తుంపకుండా అలాగే ఉండిపోయింది.

"వాడు కారం తినకపోతుండె," అంది.

"మరి నేనే వాణ్ణని ఇన్నేండ్లు..."

"నేనన్ననా?" గంగవ్వ ఇప్పుడు తలెత్తింది. "ఎన్నడన్న నా నోటితోని అన్ననారా?"

వినోద్ వెతుక్కున్నాడు. నాయినమ్మ అంది. ప్రమీలత్త అంది. పక్కింటివాళ్లు అన్నారు. బాపు ఏ మాటా అనేవాడు కాదు. అమ్మ... అమ్మ అన్న జ్ఞాపకం ఒక్కటీ దొరకలేదు.

"అనలే. కాదని గూడ అనలే గదా!"

"అనలే. తప్పే," అంది గంగవ్వ. "మీ నాయినమ్మ వాడు పోయినంక ఏడాది సరిగ బుక్క ముట్టలే. నిన్ను జూసి మళ్ల తినవట్టె. కాదత్తా, వీడు వేరే అని ఆమె నోటికాడి బుక్క ఎట్ల గుంజుదు? ఆమె పోయేటాళ్లకు నువ్వు పెద్దగైతివి. నీకు తెల్వకుంట ఉంటదా అనుకున్న. నువ్వు అడుగుతలేవు, నేను చెప్తలేను."

"నువ్వు నమ్మలేదా? ఒక్కనాడు గూడ?"

"ఎందుకు నమ్మలే? మూడు నెలలు నమ్మిన. నా బిడ్డ నాకు వచ్చిండని కండ్లకద్దుకున్న. ఒకనాడు నిన్నెత్తుకొని మీ బాపుకు సద్దియ్యబోయిన. వాడైతె సాంచెల సప్పుడుకు బిత్తరపోయి నా మెడ కరుసుకొని ఏడ్సెటోడు. నువ్వు గా సప్పుడు విని కండ్లు పెద్దగ జేసి నవ్వితివి. ఇంత పిసరంత లేవు, కిలకిలా నవ్వితివి. గప్పుడెరుకైంది నాకు, వీడు వేరే పిలగాడని." ఆమె చేతిలో కాయను పళ్లెంలో వేసింది. "కార్ఖాన బయటనే కూలబడి ఏడ్సిన. వాడు పోయిననాడు గూడ గట్ల ఏడ్వలే. వాడు పోయిండు, ఇగ రాడు అని గా దినమే నాకు తెలిసింది. మీ బాపు సాంచెలు బంద్ వెట్టి వచ్చి పక్కన కూసున్నడు. గా ఏడాది పెత్రమాస సంది పెడుతున్నం."

వినోద్ ఏదో అనబోయాడు.

"ఇను," అంది గంగవ్వ. "నిన్ను వాని పేరుతోని పిలిచిన. గని పిలిచింది నిన్నే. గా పిలుపుల వాడు లేడు. వాణ్ణి వేరేగ పిలుచుకుంట, నా లోపల."

వినోద్ ఆమె మోకాలి మీద తల పెట్టేశాడు. ఇరవై ఏడేళ్ల మనిషి, తండ్రి కూడా అయినవాడు, సిగ్గుపడలేదు. గంగవ్వ తడి చేతిని చీరకు తుడుచుకుని అతని నెత్తి మీద వేసింది.

కాసేపటికి అతనే లేచి ముక్కు చీదుకున్నాడు. "మరి ఆ చామగడ్డ పులుసు? వానికిష్టమని నాకెందుకు వండి పెట్టినవు?"

"వానికా? వాడు ముట్టకపోతుండె! మీ నాయినమ్మకు ఇష్టం గది. నువ్వు గిన్నె నాకినట్టు తింటివని పెళ్లయినంక గూడ చేసుకుంట వచ్చిన!"

"నాకసలు పడదమ్మా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు గంగవ్వకే నవ్వు వచ్చింది. నవ్వుకు ఆమె ఒళ్లో ఉన్న చిక్కుడుకాయలు కింద పడ్డాయి. లోపలినుంచి తిరుమల కూడా నవ్వింది. ఇంతసేపూ చెవులు రిక్కించి వింటోందన్నమాట.

ఇక దాచుకోవాల్సింది లేదనిపించి వినోద్ అడిగేశాడు. "మరి వీణ్ణి పెద్దమనిషి అంటున్నవు? నువ్వు గూడ బాపు వచ్చిండనే అనుకుంటున్నవని మా ఇద్దరికి నిద్ర పడుతలేదు."

"మొగం ముడతలు ముడతలు ఉన్నదని అన్నరా! పసిపిల్లలు అందరు గట్లనే ఉంటరు. నువ్వు గూడ గట్లనే ఉంటివి," అంది గంగవ్వ. "మీ బాపు మళ్ల నా ఇంట్లనే పుడితె నేనేం గావాలెరా? ముప్పై ఐదేండ్లు వండి పెట్టిన, గురక విన్న, చెవులు వినవడవని అరిసి అరిసి మాట్లాడిన. ఇప్పుడు ఆయనకే గోచి గట్టి, ఉయ్యాల ఊపి, ఉచ్చగుడ్డలు ఉతకాల్నా? నాతోని గాదు. కష్టపడ్డ మనిషి, ఆయన్ను జర పండుకోనియ్యుండ్రి."

తిరుమల నవ్వు ఆపుకోలేక గది తలుపు దగ్గరికే వచ్చింది. "మరి ఆదివారం చాటల పేర్లు పిలుస్తనంటున్నది గదా అత్తమ్మా, ప్రమీలత్త?"

"చాట నిన్ననే అటక మీద పెట్టిన. ఆమెకు అందది," అంది గంగవ్వ. "ఆమెతోని నేను మాట్లాడుత. మీ ఇద్దరు కూసొని ఒక పేరు చూసుకోండ్రి. మా ఇండ్లల్ల ఇంతకు ముందు ఎవ్వలకు లేనిది చూడుండ్రి."

ఈ నవ్వులకు బిడ్డ లేచి ఏడుపు అందుకున్నాడు. వినోద్ వెళ్లి వాణ్ణి ఎత్తుకుని వచ్చాడు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఎందుకు ఏడుస్తున్నాడో ఎవరికీ తెలియదు, ఆకలో, ఉక్కపోతో. ఏ పేరూ పిలవకుండా వినోద్ వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ తల్లి ముందు ఆగాడు. ఒక మాట నాలుక చివరకు వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వాడని మాట. వాడాల్సిన అవసరమే రానివ్వలేదు ఎవరూ.

"అమ్మా," అన్నాడు, "అన్న ఎట్లుండెటోడు?"

ఇరవై ఎనిమిదేళ్లలో గంగవ్వను ఆ మాట అడిగినవాళ్లు లేరు. తిరిగొచ్చినవాడి గురించి ఎవరు అడుగుతారు? చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, చీర చెంగుతో గడప దులిపి, కొడుక్కు చోటు చేసింది.

"కూసో," అంది. "చాన ఉన్నది చెప్పేది."